గోరింగ్‌లో థేమ్స్ ఒడ్డున నడకలు: చలికాలం విజిట్‌లో మా అనుభవం

పిల్లల దగ్గరికని ఇంగ్లాండు వెళ్లి, చలికాలమంతా కిటికీలోంచి పక్కింటి కంచె చూస్తూ కూర్చునే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. మేమూ మొదటి మూడు వారాలు ఆ పనే చేశాం. తర్వాత థేమ్స్ ఒడ్డున గోరింగ్ అనే చిన్న ఊరు పరిచయమైంది, మార్చిలో తిరిగి వచ్చేదాకా వీలు చిక్కినప్పుడల్లా అక్కడికే వెళ్లాం. కొండలెక్కడాలు, రోజుకు ఇరవై మైళ్లు తిరగడాలు ఏమీ లేవు, మోకాళ్ల నొప్పులున్న మనిషి కూడా నడవగలిగిన నడకలే. అలాగని ఊరికే నడకే కదా అనుకుంటే కుదరదు. బూట్లు, రైలు, బురద, చీకటి, బాత్రూము, ఒక్కోదానికీ ఒక్కో కథ ఉంది.

మేము 2024 సెప్టెంబరు 29న దిగాం. నాకు 66, మా ఆవిడకు 61. నేను ఇరిగేషన్‌లో పనిచేసి ధవళేశ్వరంలో డీఈగా రిటైరయ్యాను. బుడమేరు వరద కబుర్లు పేపర్లలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి, విమానం ఎక్కేదాకా నా చెవి అటే ఉంది. అబ్బాయి వాళ్లది రెడింగ్ పక్కన టైల్‌హర్స్ట్. అబ్బాయి, కోడలు ఉద్యోగాలకి, మనవడు బడికి, పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా ఇల్లంతా మా ఇద్దరిదే. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి మా ఆవిడ రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి రోజుకు మూడుసార్లు ఫోన్ చేయడం మొదలుపెట్టింది. దసరా అయిన మర్నాడు బెండకాయలు తరుగుతూ "జైల్లో వాళ్లకి కూడా ములాఖత్ ఉంటుందండీ" అంది. నవ్వుతూ అన్న మాట కాదది.

ఆ సంగతి అబ్బాయి చెవిన పడిందేమో, అక్టోబరు 19 శనివారం అందరినీ గోరింగ్ తీసుకెళ్లాడు. కారు ఉండి కూడా రైల్లోనే తీసుకెళ్లాడు, "రేపు మీరిద్దరే వెళ్లాలంటే దారి తెలియాలి కదా నాన్నా" అని. టైల్‌హర్స్ట్ తర్వాత పాంగ్‌బోర్న్, ఆ తర్వాత గోరింగ్ అండ్ స్ట్రీట్లీ. పది పన్నెండు నిమిషాల ప్రయాణం. గోరింగ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకి వస్తుంది, అవతలి ఒడ్డున స్ట్రీట్లీ బర్క్‌షైర్‌లోకి. మనకు రాజమండ్రి, కొవ్వూరు ఉన్నట్టే అనుకున్నాను గానీ వంతెన దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడున్న వంతెన 1923లో కట్టారు. వంతెనల కాలానికి ముందు ఇక్కడ పడవే దిక్కు. 1674లో గోరింగ్‌లో తిరునాళ్లు చూసుకుని తిరిగి వెళ్తున్న పడవ బోల్తా పడి అరవై మంది దాకా పోయారట. అది వినగానే నాకు మన గోదారిలో కచ్చులూరు పడవ ప్రమాదం గుర్తొచ్చింది. ఇంత సన్నటి నదిలో కూడానా అనిపించింది, కానీ ఆనకట్ట పక్కన నీరు ఎంత సన్నగా ఉన్నా నమ్మకూడదని నా ఉద్యోగం నాకు ఎప్పుడో నేర్పింది.

వంతెన పక్కనే లాకు, అంటే పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల తొట్టి. ఇక నేను అక్కడి నుంచి కదల్లేదు. మనవడికి ఐస్‌క్రీం కొనడానికి వాళ్లంతా ఊళ్లోకి వెళ్లారు, నేను బల్ల మీద కూర్చున్నాను. కింద నుంచి ఒక పొడుగాటి పడవ వచ్చింది, నడుపుతున్నది దాదాపు నా వయసావిడ, పడవ కప్పు మీద ఒక కుక్క. ఆవిడ దిగి, తాడు కట్టి, ఒడ్డున ఉన్న పెట్టె మీద బటన్ నొక్కింది. గేట్లు వాటంతట అవే మూసుకున్నాయి, నీళ్లు నెమ్మదిగా నిండాయి, పడవ ఆరడుగుల లోపు పైకి లేచింది, పై గేట్లు తెరుచుకున్నాయి, వెళ్లిపోయింది. అరుపు లేదు, కేక లేదు. మా కాలువల మీద పడవలు బాగా తిరిగే రోజుల్లో లస్కర్లు (కాలువ గేట్ల పనివాళ్లు) దూలానికి వీపు ఆనించి గేటు తోయడం నేను చిన్నప్పుడు చూశాను. ఇక్కడ లాకు చుట్టూ పచ్చిక, పూల మొక్కలు. మా డిపార్టుమెంటుకి పువ్వుల బడ్జెట్ ఎప్పుడూ రాలేదు.

గోరింగ్ దగ్గర లాకు మొదటిసారి కట్టింది 1787లో. లండన్ వైపు టెడింగ్టన్ దాకా నది మొత్తం మీద ఇలాంటివి 40కి పైగా ఉన్నాయి, అంటే థేమ్స్ అక్కడ మెట్లు మెట్లుగా దిగుతుందన్నమాట. గోరింగ్ నుంచి ఎగువన క్లీవ్ లాకుకి కిలోమీటరే, నది మొత్తంలో రెండు లాకుల మధ్య అతి తక్కువ దూరం ఇదే. ఆ క్లీవ్ దాటితే బెన్సన్ దాకా ఆరున్నర మైళ్లు ఒక్క లాకూ లేదు, అది అన్నిటికన్నా ఎక్కువ దూరం. పక్కపక్కనే రెండు రికార్డులు! ఈ సంగతి తెలిశాక మా ఆవిడకి చెబితే "ఆహా" అని పులిహోర డబ్బా మూత తీసింది.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు అబ్బాయి నది పక్కనే ఒక ఇంటి వైపు చూపించి జార్జ్ మైకేల్ అనే పాటగాడు అందులో ఉండేవాడని, 2016 క్రిస్మస్ రోజున అందులోనే పోయాడని చెప్పాడు. ఆయన పాటలేవో నాకు తెలియవు. నా కళ్లు ఇంకా వెనక గేట్ల మీదే ఉన్నాయి.

ఇక ఖర్చులు. అందరూ ముందు అడిగేది ఇదే. కోడలు వెతికి "టూ టుగెదర్" అనే రైల్వే కార్డు తీసింది. ఇద్దరికీ కలిపి ఒక్కటే కార్డు, అప్పట్లో 30 పౌండ్లు, ఏడాది పనికొస్తుంది, టికెట్టు మీద మూడో వంతు తగ్గింపు. ఇద్దరి ఫొటోలూ ఉంటాయి, ఇద్దరూ కలిసి వెళ్తేనే చెల్లుతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే పొద్దున తొమ్మిదిన్నర లోపు చెల్లదు. అరవై దాటిన వాళ్లకు సీనియర్ కార్డు విడిగా ఉంది గానీ అది మనిషికి ఒకటి కొనాలి. మేము విజిటర్లమైనా కార్డు కొనడానికి ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. బూట్లు నాకు 65 పౌండ్లు. పౌండు అప్పుడు నూట పది రూపాయలకు దగ్గర్లో ఉంది, మా ఆవిడ షాపులోనే గుణించి "ఏడు వేలు పైనే, ఈ డబ్బుతో మనింట్లో అందరికీ చెప్పులొస్తాయి" అంది. తనకు అంతకన్నా తక్కువలో దొరికాయి. వాన కోటు, పైన తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు చారిటీ షాపులో ఆరేడు పౌండ్లకే వచ్చాయి, ఎవరో ఒకటి రెండుసార్లు వేసి ఇచ్చేసినవి, కొత్తవాటిలాగే ఉన్నాయి. వాడిన బట్టలు వేసుకోవడానికి మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, రెండుసార్లు ఉతికి, ఎండ లేదు కాబట్టి హీటర్ మీద ఆరబెట్టి, అప్పుడు వేసుకుంది. చేతికర్రలు ఒక జత 15 పౌండ్లు. డబ్బు పెట్టిన వాటన్నిటిలో ఎక్కువ పనికొచ్చింది ఆ కర్రలే. చీర మాత్రం అక్కడ కుదరదు. పంజాబీ డ్రెస్సు కింద థర్మల్స్, పైన ఆ ప్యాంటు, మెడకు మఫ్లరు. అద్దంలో చూసుకుని వాట్సాప్‌లో ఫొటో పెట్టొద్దని ఒట్టు వేయించుకుంది.

అక్టోబరు 27న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇక్కడ జాగ్రత్త! అంతకు ముందు రోజు దాదాపు ఆరు దాకా వెలుతురు ఉంటే, మర్నాటి నుంచి ఐదు కొట్టకముందే పొద్దు కుంకుతుంది. డిసెంబరుకి అది నాలుగు అవుతుంది. దానికి తోడు మనవణ్ని మూడుంబావుకి బడి నుంచి తీసుకురావడం మా డ్యూటీ. తొమ్మిదిన్నరకు ముందు కార్డు చెల్లదు, మూడింటికల్లా బడి గేటు దగ్గర ఉండాలి, మధ్యలో ఎంత నడిస్తే అంత. అందుకే మా నడకలన్నీ ఒక గంట, గంటన్నరవే.

దారుల గురించి కొంచెం చెప్పాలి. ఇంగ్లాండులో పొలాల మధ్యలోంచి పోయే కాలిబాటలకి చట్టం ఉంది. భూమి రైతుదే, దాని మీద నడిచే హక్కు జనానిది. పసుపు బాణం గుర్తుంటే నడిచేవాళ్ల బాట, నీలం బాణమైతే గుర్రాలకీ సైకిళ్లకీ కూడా. థేమ్స్ పాత్ లాంటి జాతీయ మార్గాలకి ఓక్ కాయ గుర్తు వేస్తారు. థేమ్స్ పాత్ నది పుట్టిన చోటు నుంచి లండన్ దాకా 184 మైళ్లు, రిడ్జ్‌వే అనే మరో పాత దారి 87 మైళ్లు, రెండూ సరిగ్గా గోరింగ్ వంతెన దగ్గర కలుస్తాయి. మొదట్లో ఒకరి చేలోకి అడుగు పెట్టడానికి నాకు కాలు ఆడలేదు. గోరింగ్ వెనక గుట్ట వైపు పోయే ఒక బాట నేరుగా కొత్తగా మొలిచిన పైరు మధ్యలోంచి వెళ్తోంది. మన దగ్గర అలా నడిస్తే రైతు కర్ర పట్టుకుని వస్తాడు, రావాలి కూడా. ఇక్కడ మాత్రం దున్నినా విత్తినా రైతే ఆ బాటను కనీసం మీటరు వెడల్పున మళ్లీ సరిచేసి ఇవ్వాలి, 1990 నాటి చట్టం అది. ట్రాక్టరు మీద ఉన్నాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు, మా ఆవిడ నా వెనక నక్కి నక్కి నడుస్తూ "తిట్టలేదు కదా" అని రెండుసార్లు అడిగింది.

ఇంకొకటి, బాట మీద ఎదురైన ప్రతివాళ్లూ పలకరిస్తారు. రెడింగ్ బజార్లో ఎవరూ ఎవరి మొహమూ చూడరు, అదే జనం పొలం బాట మీదకి రాగానే "మార్నింగ్" అంటారు, ఎండ ఉంటే ఎండ గురించి, లేకపోతే బురద గురించి ఒక మాట. మా ఆవిడకి ఇంగ్లీషు పెద్దగా రాదు. "మార్నింగ్" ఒక్కటి గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా మార్నింగే. ఎవరూ ఏమీ అనుకోలేదు.

నవంబరు మొదటి వారంలో మా ఆవిడకి కాలు నొప్పిగా ఉంటే నేనొక్కణ్నే సౌత్ స్టోక్ దాకా వెళ్లాను (ఒక్కణ్ని కాబట్టి పూర్తి టికెట్టు). రిడ్జ్‌వే దారిలో ఎగువకి రెండు మైళ్ల పైన, చదునుగా ఉంటుంది. దారిలో ఒక మేత బీడు దాటాలి, అందులో ఇరవై దాకా కోడెదూడలు. మన ఆవుల్లా కావివి, ఒక్కోటి ఎంత ఒడ్డూ పొడుగూ ఉందో! నన్ను చూసి అన్నీ లేచి వెనకాలే నడవడం మొదలుపెట్టాయి. నేను ఆగితే ఆగుతాయి, నడిస్తే నడుస్తాయి. పరుగెత్తకూడదని తెలుసు, కర్ర రెండు పక్కలా అడ్డంగా చాపి "హోయ్ హోయ్" అని తెలుగులోనే అదిలిస్తూ గేటు దాకా చేరాను. గేటు అవతల కుక్కతో నిలబడ్డ ఒక ముసలాయన అంతా చూశాడు, "వాటికి తోచక అలా వస్తాయి, అంతే" అన్నాడు. నాకూ తోచకే వచ్చానని చెప్పలేదు. కుక్క వెంట ఉంటే మాత్రం నిజంగానే ప్రమాదమట, ఆయన ఆ బీట్లోకి అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు.

సౌత్ స్టోక్ దాటగానే మోల్స్‌ఫర్డ్ రైలు వంతెన కింద నుంచి దారి పోతుంది. 1838–40 మధ్య బ్రూనెల్ అనే రైల్వే ఇంజనీరు కట్టించింది. ఇటుక కమాను కింద నిలబడి పైకి చూస్తే ఇటుక వరసలు తిన్నగా ఉండవు, మెలి తిరుగుతూ పోతాయి, రైలు మార్గం నదిని ఏటవాలుగా దాటుతుంది కాబట్టి కమానుని అలా పేర్చాల్సి వచ్చింది. దాని పక్కనే 1890ల్లో ఇంకో రెండు లైన్ల కోసం రెండో వంతెన అతికించారు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. పైన రైలు వెళ్తుంటే కింద ఒక్క ఇటుక పొడి రాలలేదు. సౌత్ స్టోక్‌లో నాకు ఎక్కడా బాత్రూము కనపడలేదు, ఇది వయసు మీద పడ్డవాళ్లు ముందే తెలుసుకోవాలి. గోరింగ్‌లో ఊరి కారు పార్కింగ్ దగ్గర పబ్లిక్ టాయిలెట్ ఉంది. అది వాడుకున్నాకే నడక మొదలుపెట్టాలి, లేదా మూడు పౌండ్ల పైన పెట్టి ఒక టీ తాగి కాఫీ షాపులో అడగాలి. టీ తాగితే మళ్లీ అదే అవసరం.

నవంబరు 15 కార్తీక పౌర్ణమి. మా ఆవిడ పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ రోజు గోదారికి వెళ్లకుండా ఉండలేదు. వారం ముందు నుంచే మూతి ముడుచుకుని ఉంది. "ఏ నదైతే ఏం, నీళ్లే కదా" అని నేనే కదిపాను, కోడలు సాయంత్రం వర్క్ ఫ్రం హోమ్ పెట్టుకుని మనవణ్ని చూసుకుంటానంది. నాలుగుంబావుకల్లా సూర్యుడు దిగిపోయాడు. గోరింగ్ నుంచి దిగువకి కాస్త నడిస్తే ఒడ్డు నీళ్లకు దగ్గరగా ఉండే చోటు ఒకటుంది. అరటి దొప్ప ఎక్కడ దొరుకుతుంది, దొరికినా వేరేవాళ్ల నదిలో వదలడం బాగుండదని ముందే అనుకున్నాం. ఇత్తడి ప్రమిద, నెయ్యి, ఇంట్లో చేసిన వత్తులు, అగ్గిపెట్టె. గాలికి అగ్గిపుల్లలు ఒక్కోటీ ఆరిపోతున్నాయి. మా ఆవిడ చున్నీ అడ్డం పెట్టింది, నేను కోటు విప్పి అడ్డం పట్టుకున్నాను, చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. చివరికి వెలిగింది. కుక్కని తిప్పుతున్న ఒక దంపతులు ఆగారు, ఏదన్నా పోగొట్టుకున్నారా, టార్చి వేయమంటారా అని అడిగారు. ఇది మా పండగ, మా ఊళ్లోనూ ఇలాగే నది ఉంది అని చెప్పాను. ఆ నది మీద ఆనకట్ట కట్టించింది మీ ఇంగ్లీషాయనే, సర్ ఆర్థర్ కాటన్, 1852లో పూర్తయింది, మా ఊళ్లో ఆయన విగ్రహాలకి దండలు వేస్తారు అన్నాను. వాళ్లెప్పుడూ ఆ పేరు వినలేదు. ఆవిడ ఫోన్లో స్పెల్లింగ్ రాసుకుంది. దీపం కొండెక్కేదాకా వాళ్లు కూడా మాటా పలుకూ లేకుండా నిలబడ్డారు, తర్వాత చీకట్లో స్టేషన్ దారి దాకా టార్చి పట్టుకుని తోడొచ్చారు. ఆ రాత్రి మా ఆవిడ చెల్లెలికి ఒక్కసారే ఫోన్ చేసింది, కానీ గంట మాట్లాడింది.

తర్వాత వారం బెర్ట్ తుఫాను. నవంబరు 23, 24 తేదీల్లో ఒకటే వాన, గాలి. నది నీటిమట్టాలు ఇక్కడ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, గోరింగ్ లాకుకి ఎగువన ఎంత, దిగువన ఎంత అని గంట గంటకీ గ్రాఫు. అలర్టు, వార్నింగు, దాని పైన సివియర్ వార్నింగు, మన మూడు ప్రమాద హెచ్చరికల్లాగే మూడు మెట్లు. సర్వీసులో ఉన్నప్పుడు లాగే పొద్దున లేవగానే చూసేవాణ్ని, మా ఆవిడ "రిటైరయ్యారండీ మీరు" అని గుర్తు చేసేది. ఒక లెక్క చెప్తాను. థేమ్స్‌కి 1894లో వచ్చిన రికార్డు వరద టెడింగ్టన్ దగ్గర 28 వేల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేసేదే పది లక్షలకి, 1986లో 35 లక్షలు చూశాం. కాబట్టి వాళ్ల వరద చూసి నవ్వొస్తుందనుకున్నాను.

నవ్వు రాలేదు. మంగళవారం 26న వెళ్లి చూస్తే లాకు దగ్గర ఎర్ర బోర్డు, ప్రవాహం జోరుగా ఉంది పడవలు కదపొద్దని. ఆనకట్ట మీద నీళ్లు గోధుమ రంగులో గర్జిస్తున్నాయి. పదిరోజుల క్రితం దీపం పెట్టిన చోటు ఎక్కడో కనపడలేదు, బాట, బీడు, కంచె స్తంభాల సగం దాకా అంతా నీళ్లే, గేటొక్కటీ నీళ్ల మధ్యలో నిలబడి ఉంది. చిన్న నది చిన్నగానే ముంచుతుంది కానీ, దాని పక్కనే ఇళ్లు కట్టుకున్నవాడికి నిండా మునిగినట్టే. ఒకాయన గుమ్మం ముందు ఇసుక బస్తాలు సర్దుతున్నాడు. నేను అలవాటు కొద్దీ రెండో వరస ఇంకాస్త ఎడంగా జరపమని చెప్పాను, ఆయన జరిపాడు కూడా!

ఆ రోజు అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలో. ఒంటిగంటన్నర రైలు రద్దు అన్నారు. సరే, తర్వాతది. అదీ రద్దు. ప్లాట్‌ఫారం మీద గాలి కోస్తోంది, మా ఆవిడ దగ్గుతోంది, బోర్డు మీద టైములు మారుతూనే ఉన్నాయి, మనవడి బడి వదిలే టైము దగ్గర పడుతోంది. కోడలికి ఫోన్ చేస్తే "పర్లేదు మామయ్య గారూ, నేను వెళ్తాను, మీరు చలిలో నిలబడకండి, ఎక్కడైనా లోపల కూర్చోండి" అని మీటింగు మధ్యలో లేచి వెళ్లింది. గంటన్నర తర్వాత రైలొచ్చింది. ఆ తర్వాత నుంచి బయల్దేరే ముందు రైళ్ల యాప్ చూడటం, తిరుగు రైలు మనకు కావాల్సిన దానికన్నా రెండు ముందుది అనుకోవడం అలవాటు చేసుకున్నాం.

డిసెంబరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మా ఆవిడకి దగ్గు తగ్గలేదు, దర్రా తుఫాను ఒకటి వచ్చిపోయింది, పొద్దున ఎనిమిదింటికి వెలుతురు, నాలుగింటికి చీకటి. చలి కంటే చీకటే ఎక్కువ కుంగదీస్తుంది. వెళ్లే ముందు మాకెవరూ ఈ మాట చెప్పలేదు. టికెట్లు ముందుకి జరుపుకుని సంక్రాంతికి ఊరెళ్లిపోదామని రెండుసార్లు అనుకున్నాం, ఒకసారి అబ్బాయితో కూడా అన్నాం. వాడు ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఇక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

జనవరి 10 ప్రాంతంలో గట్టి చలి పట్టింది, రాత్రిళ్లు సున్నాకి బాగా కిందకి. ఇంకేం బయటికెళ్తాం అనుకుంటుంటే పక్కింటి పెద్దావిడ "ఇదే మంచి సమయం, నేలంతా గట్టిపడి ఉంటుంది" అంది. నిజమే! నవంబరులో చీలమండ దాకా దిగిన బురద రాయిలా బిగిసింది, ఎండ కూడా కాసింది, గడ్డి పరకలన్నీ తెల్లగా ఉప్పు చల్లినట్టు. నిప్పుల కుంపటి ఉన్న ఇంట్లోంచి మా ఆవిడని బయటికి లాగడం కష్టమైంది కానీ వచ్చాక ఆగలేదు. నీడలో ఉన్న రాళ్ల మెట్లు, చెక్క వంతెనలు మాత్రం జారతాయి, అక్కడ కర్రలు ఆదుకున్నాయి. ఆ రోజే మా నెత్తి మీద ఎర్ర గద్దలు తిరిగాయి, ఐదారు ఒకేసారి, తోక రెండుగా చీలి ఉంటుంది. ఆ ప్రాంతంలో పూర్తిగా అంతరించిపోతే 1989 నుంచి స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి చిల్టర్న్స్ గుట్టల్లో వదిలారు, ఇప్పుడు ఎటు చూసినా అవే. మా ఆవిడ చెంపలు వేసుకుని దండం పెట్టింది. ఇది గరుడపక్షి కాదే, వేరే జాతి అన్నాను. "మీకెందుకు, పెట్టనివ్వండి" అంది.

అక్కణ్నుంచి తన కాళ్లు కుదుటపడ్డాయి. మందు మార్చలేదు, నడక ఒక్కటే. ఫిబ్రవరిలో చర్చి ఆవరణల్లో స్నోడ్రాప్స్ అని తెల్లటి చిన్న పూలు వచ్చాయి, పొద్దు కూడా ఐదు దాటేదాకా నిలిచింది. స్ట్రీట్లీ పైన లార్డన్ చేజ్ అనే గుట్ట ఎక్కితే నది సుద్దరాయి గుట్టల మధ్యలోంచి కోసుకుంటూ పోవడం కనిపిస్తుందన్నారు, దాని మీదకి నేనూ అబ్బాయీ వెళ్లాం, చాలా నిటారుగా ఉంది, మోకాళ్ల వాళ్లు ఆశ పెట్టుకోవద్దు. పైన పాపికొండలు గుర్తొస్తాయేమోనని చూశాను. రాలేదు. ఇది మరీ సాధువైన నది.

మార్చి మొదటి వారంలో ఒక్క చుక్క వాన లేదు. 8వ తేదీ శనివారం ఎండ ఎంత ఉందంటే జనం పొట్టి నిక్కర్లలో తిరిగారు. ఆ రోజు గోరింగ్ నుంచి పాంగ్‌బోర్న్ దాకా మొత్తం నడిచేద్దామని మా ఆవిడే అంది, నాలుగు మైళ్లు. మొదటి సగం నది పక్కన చదును నేల, గేట్‌హాంప్టన్ దగ్గర బ్రూనెల్ దే ఇంకో వంతెన కింద నుంచి. అది దాటాక హార్ట్స్‌లాక్ అడవిలో బాట పైకి ఎక్కి ఒక లోయలోకి దిగి మళ్లీ ఎక్కుతుంది, అక్కడ నేల సుద్ద, తడిగా ఉంటే సబ్బులా జారుతుందట, మాకు అదృష్టం కొద్దీ పొడిగా ఉంది. ఆ ఎక్కుడు దగ్గర తను నాలుగు చోట్ల ఆగింది. ఒకచోట కూర్చుని "ఇక నా వల్ల కాదు, ఆటో పిలవండి" అంది. ఆటో మాట విని ఇద్దరం నవ్వుకుని లేచాం. విట్‌చర్చ్‌లోకి దిగాక పాంగ్‌బోర్న్ వెళ్లే వంతెన టోల్ వంతెన, 1792 నుంచి ఒక కంపెనీదే, కార్లు ఆగి డబ్బులు కట్టి వెళ్తున్నాయి, నడిచేవాళ్లకి ఏమీ లేదు. మా ఆవిడ టోల్ గది ముందు నుంచి ఏమీ ఇవ్వకుండా దర్జాగా నడిచి వచ్చింది. మామూలు మనిషికి రెండు గంటలు పట్టే దారి, మాకు మూడున్నర పట్టింది. అబ్బాయి, కోడలు, మనవడు పాంగ్‌బోర్న్‌లో ఎదురుచూస్తున్నారు, ఫ్లాస్కులో టీ, చేగోడీలు తెచ్చారు.

మార్చి 15న విమానం. బూట్లు సామానులో పెడితే మూడు కిలోల పైన తూగాయి, ఆవకాయ జాడీలు ఖాళీ అయినా బరువు సరిపోలేదు, అబ్బాయి గ్యారేజీలో వదిలేశాం. రైల్వే కార్డు ఇంకా ఏడెనిమిది నెలలుంది గానీ మా ఫొటోలు ఉన్నాయి కాబట్టి పిల్లలకి పనికిరాదు. ఈసారి వెళ్తే ఏప్రిల్‌లో వెళ్లాలని మా ఆవిడ ఇప్పటి నుంచే అంటోంది, అడవిలో నీలం పూలు పూస్తాయట, లాకుల దగ్గర పడవలు బారులు తీరతాయట. వీసా మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, ఫీజు కూడా పెరుగుతోందని కోడలు చెప్పింది.